మోటారుబండి ముందరి యెత్తు



హైదరాబాదు నగరమునకు పడమట, గోలకొండకోటకు చేరువలో షేక్‌పేట యను నూరు గలదు. అచట కుతుబ్‌షాహీల నాటి రాతిసరాయి యొకటి నేటికిని నిలిచియున్నది. బాటసారులకు గదులును, గుఱ్ఱములకు, ఒంటెలకు శాలలును అందు గట్టించిరి. ఆ యూరి గుట్టలే నేడు జూబిలీహిల్సు, ఫిలింనగరు అను పేర్లతో వెలసినవి. తెలుగు చలనచిత్రములవారు మదరాసు విడిచి వచ్చి యచట స్థిరపడుటచే వానికి ప్రసిద్ధి కలిగెను. ఒంటెలు దిగిన యూరిలో నేడు మోటారుబండ్లు క్రిక్కిఱిసియున్నవి. ఈ నడుమ బండికి కలిగిన మార్పులలో నొక చిన్నదానిని, అనగా బండి ముందుభాగము నేలకెంత యెత్తున నిలువవలయునో, ఆ యెత్తును దిద్దు విధమెట్టిదో, మీకు మనవి చేసెదను. విషయము చిన్నదే గాని, దానిని తప్పుగా గ్రహించి మేము పడిన పాటు చిన్నది గాదు.

మీలో ఎడ్లబండి యెఱుగనివారు లేరు. బస్తాలు ముందునకు జరిగినచో కాడి యెద్దుల మెడలపై క్రుంగును. వెనుకకు జరిగినచో కాడి పైకిలేచి మెడత్రాళ్లు గొంతును బిగించును. కనుకనే బండి నింపునపుడు పెద్దవాడొకడు నొగలు పట్టి తూకము చూచెడివాడు. ఆ బండిలో ఇరుసునకును బరువునకును నడుమ మెత్తనిది ఏదియు లేదు. రాయి తగిలిన దెబ్బ మనిషికిని, ఎద్దునకును సూటిగా ముట్టును.

గుఱ్ఱపుబండికి కమానుకట్టలు వచ్చిన పిమ్మట ఆ దెబ్బ తగ్గెను. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అను బండ్ల పనివాడు దీర్ఘవృత్తాకారపు కమానుకు 1804లో పేటెంటు పొందెను. తొలినాటి మోటారులును ఆ జాతి కమానులనే ధరించినవి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పింపబూనిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు బండి, 1911లో ఆయన మరణించుటచే, కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో వచ్చి చేరెను. 1912 నాటి ఆ పసుపుపచ్చని బండిని చౌమహల్లా ప్యాలెసులో ప్రదర్శనకుంచినారు. వెనుక సింహాసనము వంటి ఎత్తైన పీఠము. ముందిరుసుపై మాత్రము మన జట్కాకున్నట్టి ఉక్కుపట్టీల కట్టలే! రాజుకైనను బీదకైనను ఇనుపపని యొక్కటే గదా. కమానుకట్ట క్రుంగినచో కమ్మరి పట్టీలను విప్పి, కొలిమిలో కాచి, మరల వంపుదీర్చి, పదును పెట్టవలసియుండెను. బండి యెత్తు కమ్మరి కంటికొలతపై నాధారపడెడిది.

కొలిమి లేకయే ఎత్తును దిద్దు ఉపాయము పిమ్మట వచ్చెను. తడిబట్టను పిండునపుడు దాని మెలి చేతిని వెనుకకు త్రిప్పజూచును గదా, ఉక్కుకడ్డీయు నట్లే. కడ్డీ యొక కొనను బండి అడుగున బిగించి, రెండవ కొనను చక్రమును మోయు చేతికి తగిలించినచో, చక్రము లేచినపుడు కడ్డీ మెలిపడి, మరల యథాస్థితికి వచ్చును. దీనిని టార్షన్ బారు అందురు. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షె 1931లో దీనికి పేటెంటు కోరెను; ఫ్రాన్సున సిట్రొయెన్ వారు 1934లో తమ బండికి పెట్టిరి; ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ రూపించిన మారిస్ మైనరు 1948లో ఈ కడ్డీలతోనే వెలువడెను. మారిస్ కుదురునుండియే మన అంబాసిడరు పుట్టినది. కలకత్తా చేరువ ఉత్తరపాడాలో 1950వ దశకము చివర మొదలైన దాని తయారీ 2014లో నిలిచిపోయెను. కలెక్టరుగారి జీపు తరువాత మన పల్లెలు ఎక్కువగా చూచిన బండి యిదియే.

మా బావమఱదికి షేక్‌పేటలో అట్టి అంబాసిడరు ఒకటి కలదు. పాతకాలపు దృశ్యములు తీయునపుడు చిత్రములవారు దానిని అద్దెకు గొనిపోవుదురు. ఒకనాడది ఎడమకు ఒరిగినట్లు కనబడెను. ఒక పనివాడు తడవక ఎడమ కడ్డీని బిగించి ముందుభాగము నెత్తెను. చూపునకు బాగుండెను. రెండు నెలలలో ముందు టైరు ఒక అంచున అరిగిపోయెను. ఫిలింనగరు దిగుడున స్టీరింగు ప్రక్కకు లాగెను. ఒకసారి గోడ తగులవలసినది, దైవికముగా తప్పిపోయెను. ఆ దినమున బండిలో నేనును ఉంటిని.

అంతట ముసలి మేస్త్రి యొకనికి చూపితిమి. ఆయన పానా ముట్టలేదు. సమమైన రాతినేలపై బండిని నిలిపించి, టైర్లలో గాలి సరిచూచి, బండిని నాలుగుమార్లు ముందుకు వెనుకకు నెట్టించెను. ఏలనన, జాకీ దించిన వెంటనే చక్రములు తమ తావునకు రావట. పిదప చక్రపు నడుబొడ్డునుండి మడ్‌గార్డు అంచువఱకు రెండు ప్రక్కల కొలిచెను. వెనుక భాగమును నట్టనడుమ ఒక్కచోట జాకీపై నెత్తగా, ముందు ఒరుగుదల మాఱిపోయెను!

“పంతులుగారూ, రోగము ముందు లేదు, వెనుక ఉన్నది” అనెను. వెనుక ఎడమ కమానుకట్టలో ఒక పట్టీ విఱిగియుండెను. ఆ కుంగును కప్పిపుచ్చుటకై మొదటివాడు ముందరి కడ్డీని మెలిపెట్టినాడు.

పట్టీ మార్చిన పిమ్మట కడ్డీపని. బండిని దృఢమైన దిమ్మెలపై నుంచి, చక్రము విప్పి, క్రింది చేతిని జాకీతో మోయించి, మెల్లమెల్లగా దించుచు మెలిని విడిపించెను. త్వరపడినచో ఆ కడ్డీలో దాగిన బలము చేయి విఱుచునని హెచ్చరించెను. కొనకున్న పండ్లను సుద్దతో గుర్తించి, కడ్డీని ఊడదీసి, ఒక పన్ను వెనుకకు త్రిప్పి గూటిలో నెక్కించెను. కుడికడ్డీని ఎడమకు వాడరాదట. మెలిపడి మెలిపడి అది ఒక దిక్కునకే అలవడియుండును. కడ్డీపై గీత పడనీయరాదట. ఆ గీతయే పగులునకు మొదలగును. మూడుమార్లు దించి, నెట్టి, కొలిచి, చక్రముల వాలును సరిచేసి, కడపట దీపముల వెలుగును గోడపై చూచెను. ముందెత్తు మాఱిన దీపము ఎదుటివాని కన్నులలో పడును.

పని ముగియుసరికి చీకటిపడెను. కూలి చెప్పక మునుపే రెండు ప్రక్కల కొలతలను నన్ను వ్రాసికొమ్మనెను. కాగితము లేక పంచాంగపు వెనుక అట్టమీద వ్రాసితిని.