నాదస్వరానికి భావం అలవడిన విధం

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలోనే ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) తమ తొలి కృతిని రచించారని సంప్రదాయం చెబుతుంది. చిత్తూరు జిల్లాలోని ఈ పట్టణం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. నేడు తిరువళ్ళూరు జిల్లాలోనిది. హద్దులు మారినను సంగీతం ఉభయ భాషల ఉమ్మడి సొత్తుగానే నిలిచింది.

దీక్షితుల కృతులకు ప్రాణం విళంబకాలపు గమకం. నాదస్వరానికి వ్రేళ్ళతో మూసే రంధ్రాలు ఏడే. స్వరాల నడుమనుండే సూక్ష్మమైన ఛాయలు ఊపిరి ఒత్తిడి, పెదవుల పట్టు కుదిరినప్పుడే పలుకుతాయి. అందుచేత వ్రేళ్ళ వేగం ఒక్కటే చాలదు. సాహిత్యాన్ని ముందుగా గొంతెత్తి పాడి, అర్థం చెడని చోటనే ఊపిరి తీసుకొనుట అలవరచుకోవాలి.

ఈ సాధనకు ఆదర్శం షేక్ చినమౌలానా (1924–1999). ఒంగోలు సమీపంలోని కరవదిలో జన్మించి, చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద నేర్చిన ఆయన, తంజావూరు బాణీకై నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యులయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందారు.

తెలుగు విద్వాంసుడు తమిళసీమలో బాణీ నేర్చుకొన్నారు. తమిళ విద్వాంసులు త్యాగరాజస్వామి తెలుగు కృతులను తరతరాలుగా భక్తితో వాయిస్తున్నారు. ఆ బాణీ చెంతనే ఉండి, ఆ పలుకులు మాతృభాషలోనివైన ఈ ప్రాంతపు బాలబాలికలకు రెండు సంపదలూ అందుబాటులో ఉన్నాయి. వారు తెలుగు మరచినచో, వాద్యం చేతనున్నా భావం చేజారుతుంది.