లాక్, ఫ్రీ: జీపు చక్రం మీద చిన్న డయల్ కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక చిన్న వస్తువు గురించి. మంచి కండిషన్‌లో ఉన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎక్కడైనా కనిపిస్తే ముందు చక్రం మధ్యలో చూడండి. కొన్నిటికి అక్కడ గుండ్రటి డయల్ ఒకటి ఉంటుంది. దాని మీద రెండే మాటలు: ఫ్రీ, లాక్. మన దగ్గర జీపులోళ్లు దీన్ని ఫ్రీ వీల్ హబ్ అంటారు. బయట దేశాల్లో లాకింగ్ హబ్ అంటారు.

ఇప్పుడు విచిత్రం ఏటంటే, పాత మోడల్ థార్ కొని, సస్పెన్షన్ ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసిన కుర్రాళ్లు కొంతమంది కంపెనీ ఇచ్చిన ఆటోమేటిక్ హబ్ తీయించేసి, ఈ చేత్తో తిప్పే హబ్ వేయించుకుంటున్నారు. లోపల కూర్చునే అయిపోయే పనికి ఇప్పుడు బండి దిగి బురదలో వంగోవాలి. అంటే టెక్నాలజీ వెనక్కి నడుస్తోందా? నాకు అలా అనిపించట్లేదు. ఎందుకో తెలియాలంటే 1941 నుంచి మొదలెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి 1941 నుంచి 1945 లోపు సుమారు 6,40,000 జీపులు తయారు చేశాయి. వాటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఒక పెట్టె ఉంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చిన బలాన్ని వెనక చక్రాలకే పంపాలా, ముందు చక్రాలకి కూడా పంపాలా అన్నది లివర్‌తో డ్రైవర్ నిర్ణయిస్తాడు. మామూలు రోడ్డు మీద టూ వీల్, బురదలో ఫోర్ వీల్. బానే ఉంది కదా?

కానీ ఒక చిక్కు. టూ వీల్‌లో పెట్టినా, ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లుతూనే ఉంటాయి. అవి తిరిగితే వాటికి అతుక్కుని ఉన్న యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ ఉత్తినే తిరుగుతాయి. నాగలి విప్పేసినా కాడి ఎద్దు మెడ మీదే ఉన్నట్టు అన్నమాట. పని లేదు, బరువు మాత్రం ఉంది. జాయింట్లు అరుగుతాయి, చప్పుడొస్తుంది, డీజిలో పెట్రోలో కాస్త ఎక్కువ తాగుతుంది.

యుద్ధంలో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన జీపులు రైతులు, వ్యాపారుల చేతికి వచ్చాయి. వాళ్లకి పొలంలో అర కిలోమీటరు బురద, ఆ తర్వాత టౌన్ దాకా బోలెడు తారు రోడ్డు. అప్పుడు బయటపడింది ఈ కాడి బరువు. 1948లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్థర్ వార్న్ అనే ఆయన ఈ జీపుల కోసమే లాకింగ్ హబ్‌లు చేసి అమ్మడం మొదలెట్టాడు. ఇవాళ వించ్‌ల మీద మీరు చూసే వార్న్ అనే పేరు ఆయనదే. వించ్‌లకంటే ముందు ఆ కంపెనీ బతికింది ఈ హబ్‌ల మీద.

ఆయన చేసింది చాలా సింపుల్. యాక్సిల్ షాఫ్ట్‌కీ చక్రానికీ మధ్య పళ్లున్న ఒక రింగు పెట్టాడు. డయల్ లాక్ మీద పెడితే రింగు జరిగి రెండిటినీ కలుపుతుంది. ఫ్రీ మీద పెడితే విడదీస్తుంది. అప్పుడు చక్రం ఒంటరిగా దొర్లుతుంది, వెనకున్న సామానంతా హాయిగా పడుకుంటుంది.

ఇక మన దేశం సంగతి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ పుట్టింది. దేశ విభజన తర్వాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించి అమ్మడం మొదలెట్టింది వాళ్లే. 1952 అక్టోబర్ 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం మొదలయ్యాక మన పల్లెల్లో జీపు అంటే గవర్నమెంట్ అనే అర్థం స్థిరపడింది. బీడీవో గారి జీపు, తాసిల్దారు గారి జీపు. ఆ తరం వాళ్లని అడగండి, జీపు వెనకాల పరిగెట్టని పిల్లాడు ఉండడు.

ఈ హబ్ మన జిల్లాలకి ఎందుకంత సూటవుతుందో చూడండి. నాతవలస దగ్గర 16వ నంబరు హైవే వదిలి 26వ నంబరు హైవే ఎక్కితే విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు. సాలూరు అంటే లారీల ఊరు, బాడీ బిల్డింగ్‌కి పేరున్న ఊరు. అక్కడి దాకా బండి పరుగే. సాలూరు దాటి పి. కోనవలస వైపు వెళ్తే ఘాట్ మొదలు. ఆ మెయిన్ రోడ్డు వదిలి కొండ మీద ఊళ్లకి తిరిగితే వానాకాలంలో ఎర్ర బురద, గెడ్డలు, రాళ్లు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపూ అంతే. అంటే ఒకే ట్రిప్పులో చాలా దూరం తారు, చివర్లో కొంచెం నరకం. వార్న్ హబ్ పుట్టింది సరిగ్గా ఇలాంటి ప్రయాణం కోసమే.

కానీ దిగి తిప్పడం ఎవరికి ఇష్టం? అందుకే 1980లలో బయట దేశాల్లో ఆటోమేటిక్ హబ్‌లు బాగా వచ్చాయి. మన దగ్గర 2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈలోనూ ఆటో లాకింగ్ హబ్‌లే. ఇవి ఎలా పనిచేస్తాయంటే, ఫోర్ వీల్ లివర్ వేశాక షాఫ్ట్ తిరిగే బలానికి లోపలి క్యామ్ కదిలి హబ్ తనంతట తాను లాకవుతుంది. మళ్లీ టూ వీల్‌లో పెట్టి కాస్త రివర్స్ వెళ్తే విడిపోతుంది. జిమ్నీ లాంటి బండ్లలో ఇంకో పద్ధతి ఉంది. గాలి లాగే వాక్యూమ్ పైపుతో లాక్ చేస్తారు.

వినడానికి బావుంది. ఇప్పుడు బురదలో ఇరుక్కున్న బండిని ఊహించుకోండి. ముందుకి, వెనక్కి, ముందుకి, వెనక్కి ఊపి కదా బయటికి తీస్తాం? దిశ మారిన ప్రతిసారీ ఆ క్యామ్ మీద బలం తిరగబడుతుంది. హబ్ విడిపోయి మళ్లీ టక్‌మని పట్టుకుంటుంది. ఘాట్‌లో ఇంజన్ బ్రేకింగ్ మీద దిగేటప్పుడూ ఇదే గొడవ. దానికి తోడు ఎక్స్‌ట్రా పెద్ద టైర్లు. ఆ దెబ్బలన్నీ లోపలున్న చిన్న చిన్న ముక్కలే కాయాలి. వాక్యూమ్ పద్ధతిలో పైపు లీకైనా, సీల్ పాడైనా చాలు, లాక్ అవ్వదు.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోడిని కాబట్టి నాకు ఇది బాగా తెలిసిన జబ్బు. ప్రోగ్రాం క్రాష్ అయితే భయం లేదు, తెలిసిపోతుంది. ఎర్రర్ చూపించకుండా పని మానేసే ప్రోగ్రాం ఉంది చూశారూ, అదే ముంచేది. హబ్ పట్టకపోయినా లివర్ ఫోర్ వీల్‌లోనే ఉంటుంది. మీటర్ మీద లైటు కూడా వెలగొచ్చు, ఎందుకంటే చాలా బండ్లలో ఆ లైటుకి తెలిసేది ట్రాన్స్‌ఫర్ కేస్ వరకే. చక్రం దగ్గర ఏం జరుగుతోందో దానికి తెలీదు. డ్రైవర్‌కి తెలిసేది ఏటవాలు మీద బండి వెనక్కి జారినప్పుడే.

ఇది సరదా డ్రైవింగ్ మాట మాత్రమే కాదు. మన కొండ ఊళ్లలో ఇప్పటికీ పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. అక్కడ తిరిగే సర్వీస్ జీపులు చాలావరకు టూ వీల్ డ్రైవే. అలాంటి చోటికి ఒక ఫోర్ వీల్ బండి వెళ్లిందంటే, దాని ముందు చక్రాలు నిజంగా తిరుగుతాయా లేదా అన్నది చిన్న విషయం కాదు. చేత్తో తిప్పే హబ్ ఇక్కడ గెలుస్తుంది. డయల్ లాక్ మీద ఉందో లేదో కళ్లకి కనిపిస్తుంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది.

అయితే మార్పించే ముందు నాలుగు మాటలు. ఒకటి, రెండు హబ్‌లూ ఒకేలా ఉండాలి. ఒకటి లాక్, ఒకటి ఫ్రీ అయితే మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో బలమంతా ఫ్రీగా ఉన్న షాఫ్ట్ వైపే పోతుంది. ముందు చక్రాలకి ఏమీ రాదు. రెండు, లాక్ చేసి తారు మీద నడిపితే విరిగిపోతుందని భయపడేవాళ్లు ఉన్నారు. లివర్ టూ వీల్‌లో ఉన్నంతవరకు ఏమీ కాదు. పొడి తారు మీద ఫోర్ వీల్ వేస్తేనే సమస్య. కాబట్టి ఘాట్ మొదట్లోనే, బండి శుభ్రంగా నిలిచే చోట దిగి లాక్ చేసేసుకోండి. ఇరుక్కున్నాక కాదు.

మూడు, ఎత్తు పెంచిన బండిలో ముందు షాఫ్టులు ఏటవాలుగా తిరిగి జాయింట్లు త్వరగా పోతాయి. హబ్ ఫ్రీగా ఉంటే హైవే మీద ఆ అరుగుదల తప్పుతుంది, నిజమే. కానీ ఫోర్ వీల్ వేసిన క్షణం ఆ కోణం అలాగే ఉంది. లిఫ్ట్ చేసిన తప్పుని హబ్ దిద్దదు. నాలుగు, చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఎత్తు పెంచే ముందు ఆర్‌టీవో ఆఫీసులో అడగండి.

హబ్ బిగించేది కూడా ఆ పని తెలిసిన మెకానిక్కే అయ్యుండాలి. షాఫ్ట్ పళ్ల లెక్క కలవాలి, వీల్ బేరింగ్ బిగింపు సరిగ్గా ఉండాలి, గ్రీజు కుక్కేయకూడదు. ఎక్కువైతే రింగు కదలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. శ్రీ సిటీలో తయారయ్యే ఇసుజు వీ క్రాస్‌లో లోపలే నాబ్ తిప్పితే చాలు, ఫోర్ వీల్ వచ్చేస్తుంది. అది తప్పని నేను అనట్లేదు. వారానికోసారి బీచ్‌కి వెళ్లేవాళ్లకి అదే హాయి. కానీ సిగ్నల్ లేని, మెకానిక్ లేని చోటికి వెళ్లే బండిలో, పాడైతే తనంతట తాను చెప్పే వస్తువు ఉండాలి. 1948 నాటి ఈ డయల్ ఇంకా బతికుందంటే పాతది మీద ప్రేమ వల్ల కాదు. అబద్ధం చెప్పదు కాబట్టి.

మీ ఊళ్లో పాత జీపు ఉంటే దాని ముందు చక్రం మీద ఏముందో చూసి, ఒక ఫోటో తీసి నాకు పంపండి. డయల్ ఉందా, ఉత్త మూతేనా? వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.