రేకుపెట్టె మీది పలకల అక్షరాలు

ఖుర్దా రోడ్ స్టేషన్ ఉన్న జట్నీలో పాత తెలుగు రైల్వే కుటుంబాల ఇళ్లకు వెళితే అటక మీద ఒక రేకుపెట్టె కనబడుతుంది. మూత మీద తెల్లరంగుతో ఇంటిపేరు పొడక్షరం, పేరు. అంతా ఇంగ్లీషే. ఆ అక్షరాల్లో వంపన్నది ఉండదు. సున్నా కూడా గుండ్రంగా ఉండదు, మూలలు కోసేసిన ఎనిమిది పలకల డబ్బాలా ఉంటుంది.

అది అందం కోసం పుట్టింది కాదండీ, పనిముట్టు చేసిన పని. రేకునో అట్టనో కత్తిరించి స్టెన్సిల్ చేసేవాడికి సరళరేఖ సులువు, వంపు కష్టం. ఉలి పట్టినా కత్తెర పట్టినా అంతే. అమెరికాలో ఆటగాళ్ల చొక్కాల మీద కుట్టే అంకెలూ ఇదే తీరు. 1820ల చివర న్యూయార్కులో డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాలను యంత్రంతో చెయ్యడం మొదలుపెట్టాక గోడపత్రికల అక్షరాలు బాగా పెరిగాయి, వాటిలో ఈ కోసిన మూలల రకమూ చేరింది. చివరికి 1970లో టామ్ కార్నేస్, రోన్ బాండర్ అనే ఇద్దరు దీన్నే ఒక అచ్చుగా దిద్దారు. పేరు కూడా ‘మెషీన్’. పెద్దక్షరాలే తప్ప చిన్నక్షరాలు లేవు దాంట్లో. పేరాగ్రాఫు కూర్చితే చదవలేం, నాలుగు అక్షరాల శీర్షికకైతే దానికి సాటి లేదు.

మరి తెలుగు? తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఈనె వెంట ఆకు చీలుతుంది, అందుకే మన లిపి గుండ్రబడిందంటారు. ఒడియా లిపికీ ఇదే కారణం చెబుతారు. ఇక స్టెన్సిల్ దగ్గర అసలు చిక్కు వస్తుంది. ‘ఠ’ లాంటి అక్షరం కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది, అది నిలవాలంటే వంతెన వదలాలి. పైన తలకట్టు, కింద ఒత్తు. ఒక్కో గుణింతానికీ వేరే రేకు కావాలి. ఇంగ్లీషుకు ఇరవై ఆరు రేకులు చాలు.

అలా మన పేర్లు పెట్టెల మీద ఇంగ్లీషులో పడ్డాయి. మా ఇంటి పెట్టె మీద మూడు పూతలున్నాయి. అడుగు పూతలో ఖరగ్‌పూర్, దానిపైన ఖుర్దా రోడ్, బదిలీల వరస అది. ఇంటిపేరు స్పెల్లింగు ఒక్కో పూతలో ఒక్కోలా ఉంది. ఇవాళ మా పిల్లల సర్టిఫికెట్లలో ఉన్నది ఆఖరి పూత స్పెల్లింగే! 1955లో బెంగాల్ నాగ్‌పూర్ దారి సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది కదా, పై పూతలో ఆ కొత్త పేరు పొడక్షరాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఆ పూత ఆ తరవాతిదే.

తెలుగుకు మొద్దు అక్షరం కుదరదనే మాట మాత్రం నేనొప్పుకోను. గుత్తుల పురుషోత్ కుమార్ చేసిన ‘రామభద్ర’ చూడండి. ఎంత లావుగా ఉన్నా ఒత్తులు ఒకదాన్నొకటి తొక్కవు. అచ్చు కంపోజింగులో తెగని చిక్కు కంప్యూటరులో తెగింది. అయితే అది పెట్టెల కాలానికి అందలేదు.

ఈ మధ్య ఆ పెట్టెలు పాత ఇనుప సామాన్ల వాళ్లకు పోతున్నాయి, లేదా ఎనామిల్ పెయింటు కింద దాగిపోతున్నాయి. మీ ఇంట్లో ఉంటే రంగు వేయించేముందు మూత ఫోటో తీసి ఉంచండి. పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే అడుగు పూత అక్షరాలు కూడా తేలతాయి.