పాడియావు, కాడెద్దులు, ఆవుదూడ

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ప్రసంగించినప్పుడు ఆ ఆంగ్లోపన్యాసాలను తెనిగించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. భారతదేశాన్ని పాడియావుగా, ప్రజలను పాలందని లేగదూడలుగా, దొరలను పాలు పితికే గొల్లలుగా పోల్చిన వారి పద్యం ఆ సభలోనే పుట్టినదని ప్రసిద్ధి. సంపద తరలింపును గూర్చి దాదాభాయి నౌరోజీ 1901 నాటి గ్రంథంలో లెక్కలతో వాదించినదంతా ఇంగ్లీషు రాని రైతుకు ఈ ఒక్క పోలికతో బోధపడింది. పాలేరును బతిమాలుకొనే దూడ కాదది. పొదుగుపై హక్కుగల దూడ. పద్యానికున్న పదును అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

స్వరాజ్యానంతరం, 1951-52 ఎన్నికలలో కాంగ్రెసు గుర్తు కాడెద్దులు. పాలిచ్చేవి కావు, చాకిరీ చేసేవి! 1969లో కాంగ్రెసు చీలినది. 1971 ఎన్నికలలో కాడెద్దులు ఎవరికీ దక్కక, ఇందిరాగాంధీ పక్షం ఆవుదూడ గుర్తుతో పోటీ చేసినది. పాలిచ్చే తల్లి ఇప్పుడు దేశం కాదు, పార్టీ.

ఆ అర్థమూ నిలువలేదు. అత్యవసర పరిస్థితి పిదప ప్రతిపక్షులు ఆవును ఇందిరగా, దూడను కుమారుడు సంజయ్‌గా చూపి నవ్వించినారు. వెనుకటి పద్యంలో ఆకలితో ఏడ్చిన దూడయే ఇప్పుడు ఇతరుల పాలు తాగేదైనది. 1977లో ఉత్తరాదిన ఆవుదూడ చిత్తుగా ఓడినది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలలో 41 గెలిచినది. ఎగతాళి గోదావరి దాటలేదనుకోవాలి.

1978లో ఇందిర హస్తం గుర్తు స్వీకరించినారు. ఆ ఫిబ్రవరిలోనే మన శాసనసభలోని 294 స్థానాలలో 175 ఆ చేతికి చిక్కినవి.