శీతకాలంలో కోళ్లకు తాగునీరు: జంషెడ్‌పూర్ పెంపకందారులు తెలుసుకోవలసిన అంశాలు

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోతుంది. నీరు గడ్డకట్టేది సున్నా డిగ్రీల వద్ద కనుక, ఇక్కడ కోళ్ల తొట్టెల్లో మంచు ఏర్పడే అవకాశం లేదు. అయినప్పటికీ బాగా చల్లబడిన నీరు పెరటి కోళ్లకూ, వాటి గుడ్లపై ఆధారపడిన కుటుంబాలకూ నష్టం తెచ్చిపెడుతుంది.

నీటి ప్రాధాన్యం

సాధారణ వాతావరణంలో కోడి తాను తినే మేత బరువుకు దాదాపు రెట్టింపు నీరు తాగుతుంది. గుడ్డు బరువులో సుమారు మూడింట రెండు వంతులు నీరే. నీరు మరీ చల్లగా ఉంటే కోడి తక్కువగా తాగుతుంది. దానితో మేత తగ్గుతుంది, ఆపై గుడ్లు తగ్గుతాయి. కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీలు. చల్లని నీటిని ఆ స్థాయికి తెచ్చుకోవడానికి మేత ద్వారా లభించిన శక్తి కొంత ఖర్చవుతుంది.

కోడిపిల్లలకు ముప్పు మరింత ఎక్కువ. తొలి వారంలో వాటికి బ్రూడర్ కింద సుమారు 35 డిగ్రీల వెచ్చదనం అవసరం. ఆ దశలో గోరువెచ్చని నీరే ఇవ్వాలి.

పాటించవలసిన పద్ధతి

కోళ్లు చీకటిలో నీరు తాగవు. కాబట్టి సాయంత్రం అవి గూటికి చేరాక తొట్టెలను ఖాళీ చేసి, కడిగి బోర్లించాలి. ఉదయం అప్పుడే తోడిన నీరు పోయాలి. భూగర్భ జలం చలికాలపు ఉదయపు గాలి కంటే వెచ్చగా ఉంటుంది. రాత్రంతా మిద్దెపై ట్యాంకులో నిలిచిన నీరు అలా ఉండదు. తొట్టెను ఎండ తగిలే చోట, నేలకు కొంత ఎత్తులో ఉంచాలి. ఒలికిన నీటితో ఊక తడిస్తే అమ్మోనియా వెలువడి శ్వాసకోశ వ్యాధులకు దారితీస్తుంది.

కొక్కెర తెగులు నివారణకు లసోటా టీకాను తాగునీటిలో ఇచ్చేవారు మరొక విషయం గమనించాలి. చలికాలంలో కోళ్లకు దాహం తక్కువ. టీకాకు ముందు నీటిని ఆపి ఉంచే వ్యవధి చాలకపోతే మందు నీరు తొట్టెలోనే మిగిలి, టీకా వృథా అవుతుంది. ఆ వ్యవధిని పశువైద్యుని సలహాతో నిర్ణయించుకోవాలి.

గడ్డకట్టే ప్రాంతాల్లో

లదాఖ్ వంటి చోట్ల నీరు నిజంగానే గడ్డకడుతుంది. అటువంటి చోట్ల తొట్టెను గూటి లోపల ఉంచడం, ఎండ వేడిని గ్రహించే నల్లని రబ్బరు పాత్రలు వాడడం, రోజుకు పలుమార్లు నీరు మార్చడం ప్రధాన మార్గాలు. నీరు గడ్డకట్టకుండా అందులో ఉప్పు గానీ, వాహనాల్లో వాడే శీతల నిరోధక ద్రవం గానీ కలపరాదు. అవి కోళ్లకు ప్రాణాంతకం. గాలి ఆడని గూటిలో బొగ్గుల కుంపటి పెట్టినా, వెలువడే కార్బన్ మోనాక్సైడ్ కోళ్ల ప్రాణం తీస్తుంది.

తగిన జాతి

రాంచీలోని బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం జార్ఖండ్ పెరటి పెంపకానికి ‘ఝార్‌సిమ్’ కోడిని రూపొందించింది. ‘ఝార్’ జార్ఖండ్‌ను సూచిస్తుంది. స్థానిక గిరిజన భాషల్లో ‘సిమ్’ అంటే కోడి. హైదరాబాద్‌లో అభివృద్ధి చేసిన ‘వనరాజా’ కూడా పెరటి పెంపకానికి ఉద్దేశించినదే. జాతి ఏదైనా, శీతకాలపు ఉదయం తొలి పని తొట్టెలో తాజా నీరు పోయడమే.