ఐసెలిన్‌లో హాలీ సిక్కా

న్యూజెర్సీలోని ఉడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్‌లో భాగమైన ఐసెలిన్, ఓక్ ట్రీ రోడ్డు పొడవునా ఉన్న నగల దుకాణాలు, చీరల దుకాణాల వల్ల తెలుగువారికి బాగా పరిచయమైన ఊరే అయినా, పాత నాణేలు సేకరించేవారికి ఆ ప్రాంతం మరొక కారణం చేత ముఖ్యమైనది. మెట్రోపార్క్ స్టేషన్‌లో న్యూయార్క్ వైపు రైలెక్కితే తర్వాత వచ్చే రాహ్‌వేలో, అమెరికా సమాఖ్య టంకశాల ఏర్పడక ముందే రాగి నాణేలు ముద్రించారు. 1786 జూన్ 1న న్యూజెర్సీ శాసనసభ 30 లక్షల రాగి నాణేలకు అనుమతినిచ్చి, ఆ పనిని వాల్టర్ మౌల్డ్, థామస్ గోడ్స్‌బీ, అల్బియన్ కాక్స్ అనే ముగ్గురికి అప్పగించింది. ఒక వైపు గుర్రం తల, దాని కింద నాగలి, చుట్టూ ఆ రాష్ట్రపు లాటిన్ పేరైన ‘నోవా సిజేరియా’, మరొక వైపు డాలు ఉండే ఈ నాణేలలో ఒకే సంవత్సరానివి కూడా ఒకదానితో ఒకటి సరిపోలవు. అచ్చులు మారినప్పుడల్లా అక్షరాల అమరిక, నాగలి రూపం మారుతూ వచ్చాయి. ఎడ్వర్డ్ మారిస్ 1881లో ముఖభాగపు అచ్చులకు అంకెలు, వెనుక వైపు అచ్చులకు అక్షరాలు ఇచ్చి వీటిని వర్గీకరించగా, నేటికీ సేకర్తలు ఆ పద్ధతినే వాడుతున్నారు. అరుదైన అచ్చుల జంటకూ సాధారణమైన జంటకూ మధ్య ధరలో ఎంతో అంతరం ఉంటుంది.

ఆ కాలంలో అక్కడి ప్రజల చేతుల్లో తిరిగిన డబ్బులో అధిక భాగం విదేశీ నాణేలే. ఐర్లండు నుంచి మార్క్ న్యూబీ అనే వలసదారు తెచ్చిన సెయింట్ పాట్రిక్ రాగి నాణేలను పశ్చిమ జెర్సీ సభ 1682లో చెల్లుబాటు చేసింది. స్పెయిన్ వెండి డాలరు వంటి విదేశీ నాణేలకు అమెరికాలో చట్టబద్ధమైన చెలామణి 1857 ఫిబ్రవరి చట్టంతో గాని ముగియలేదు.

నేటి ఐసెలిన్‌లో మాత్రం విదేశీ నాణెం అంటే, తెలుగు కుటుంబాలు తాతల పెట్టెల్లోంచి తెచ్చుకున్న నిజాం రూపాయి కూడా కావచ్చు. హాలీ సిక్కాగా పిలిచిన హైదరాబాదు నాణేలలో చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయిని గుర్తించడం, లిపి పరిచయం లేనివారికి కఠినంగా తోచినా, క్రమంగా చూస్తే సులభమే. చార్మినార్ ద్వారం మధ్యలో ‘మీమ్’ అనే అక్షరం ఉంటే అది 1911లో మరణించిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్‌ది. నాణెం మీద కనిపించే 92 సంవత్సరం కాదు; అక్షరాలకు సంఖ్యల విలువ కట్టే అబ్జద్ పద్ధతిలో అది ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం. అసలు తేదీ హిజ్రీ శకంలో ఉంటుంది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్నా చిన్నది గనుక హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తు శకం సుమారుగా తెలుస్తుంది. ఆ లెక్కన 1343 హిజ్రీ నాణెం 1924-25 నాటిది.

చదవడం పూర్తయ్యాకనే తూచాలి. ఈ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో శుద్ధ వెండి 81.8 శాతం, అంటే 9.1 గ్రాములకు పైగా. తూచిన రోజు వెండి ధరతో దాన్ని లెక్కిస్తే నాణేనికి ఉండే కనీస విలువ వస్తుంది. ఆపైన పలికే ధర దాని అరుదుతనం, స్థితి, కొనేవారి ఆసక్తిని బట్టి ఉంటుంది గాని వయసును బట్టి కాదు. తూర్పు ఇండియా కంపెనీ మద్రాసు ప్రాంతం కోసం బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో ముద్రింపించిన 1808 నాటి 20 కాసుల నాణెం దీనికి మంచి ఉదాహరణ. వాటిని మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరపు గుడ్‌విన్ ఇసుక తిన్నెల వద్ద మునిగి, 1980లలో ఆ సరుకు లక్షల సంఖ్యలో బయటపడడంతో, రెండు వందల ఏళ్లు దాటిన ఆ నాణెం నేటికీ చవకగానే దొరుకుతోంది. అదే టంకశాల ఉత్తర సర్కార్ల కోసం 1794, 1797 సంవత్సరాలలో చేసిన, రూపాయిలో 48వ వంతు, 96వ వంతు విలువ గల రాగి నాణేలు కృష్ణా, గోదావరి తీరపు చరిత్రకు మరింత దగ్గరివి కనుక తెలుగు సేకర్త ముందుగా వెదకదగినవి అవే.

స్థితిని 1 నుంచి 70 వరకు గల షెల్డన్ కొలమానంతో అంచనా వేస్తారు. నాణేలను పరిశీలించి ఈ అంకెలిచ్చే ఎన్‌జీసీ సంస్థ 1987లో న్యూజెర్సీలోని పార్సిపనీలోనే పుట్టింది. చింతపండుతోనో పొడులతోనో తోమిన నాణెం ఈ పరీక్షలో నిలవదు. కాలం పెట్టిన పొరను చెరిపివేయడం సేకర్త చేయగలిగిన కీడులన్నిటిలో పెద్దది.

నకిలీల విషయంలోనూ చరిత్ర జ్ఞానమే రక్ష. రామపట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో, 1616, 1717, 1818 వంటి తేదీలతో, కంపెనీ పేరుతో కనిపించే ‘అణా’ బిళ్లలు కంపెనీ ముద్రించినవి కావు. అవి తర్వాతి కాలంలో తయారైనవి, నాణేలుగా ఏనాడూ చెలామణి కాలేదు. వాటికి లక్షలు వస్తాయని నమ్మించేవారు నేటికీ ఉన్నారు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు అడిగే మోసగాళ్ల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది కూడా.

భారత ప్రాచీన వస్తువుల చట్టం, 1972 ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం ప్రాచీన వస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. ఊళ్లోని పెట్టెలో మీమ్ గుర్తున్న రూపాయి దొరికితే, దాన్ని అక్కడే భద్రపరచి, ఫొటోలు, బరువు, చదివిన వివరాలు మాత్రమే ఐసెలిన్‌కు తెచ్చుకోవాలి.