వేతన సవరణల వ్యయం: శాతమూ, తేదీ

ప్రభుత్వోద్యోగుల వేతన సవరణ ప్రకటన వెలువడిన ప్రతిసారీ చర్చ ఫిట్‌మెంట్ శాతం చుట్టూనే సాగుతుంది. ఖజానాపై పడే భారానికి ఆ శాతమే కొలమానమన్న భావన స్థిరపడింది. కాని 1993 నుండి 2022 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, విభజనానంతరం రెండు రాష్ట్రాలలోనూ జరిగిన సవరణలను వరుసగా పరిశీలిస్తే, శాతంతో సమానంగా ఆర్థిక ప్రయోజనం మొదలయ్యే తేదీ కూడా వ్యయాన్ని శాసించినట్లు స్పష్టమవుతుంది.

సవరించిన మూలవేతనంలో మూడు భాగాలుంటాయి: పాత మూలవేతనం, నిర్ణీత తేదీనాటి కరవు భత్యం, ఫిట్‌మెంట్. వీటిలో కరవు భత్యం ఉద్యోగికి అప్పటికే అందుతున్నది. ఉదాహరణకు 2018 జులై 1 నాటి కరవు భత్యం 30.392 శాతం. తెలంగాణ సవరణలో 10,000 రూపాయల మూలవేతనానికి 3,039 రూపాయల కరవు భత్యం, 30 శాతం ఫిట్‌మెంట్ కింద 3,000 రూపాయలు కలిసి 16,039 అయింది. చూపునకు పెరుగుదల అరవై శాతం. కొత్తగా చేరినది ముఖ్యంగా ఆ 3,000 రూపాయలు, దానిపై లెక్కించే భత్యాలు.

ఈ పెరుగుదల సైతం వెంటనే చేతికి రాదు. సవరణ అమలు తేదీకీ, ఆర్థిక ప్రయోజన తేదీకీ మధ్యకాలాన్ని ‘నోషనల్’గా పరిగణిస్తారు, అంటే ఆ నెలల వేతనం కాగితంపై మాత్రమే పెరుగుతుంది. 1993 సవరణలో ఈ కాలం 21 నెలలు, 1999లో 9, 2005లో 21, 2010లో 19, 2015లో 11. నెలకు 3,000 రూపాయల పెంపు 21 నెలలు కాగితానికే పరిమితమైతే, భత్యాలను మినహాయించినా ఉద్యోగి 63,000 రూపాయలు కోల్పోతాడు. ప్రభుత్వానికి అది మిగులు.

శాతం విషయంలో ప్రభుత్వాలు ఔదార్యం చూపిన సందర్భాలున్నాయి. తొమ్మిదవ సంఘం 27 శాతం సిఫారసు చేయగా 39 శాతం మంజూరైంది. పదవ సంఘం 29 శాతం సూచించగా 2015లో రెండు రాష్ట్రాలూ 43 శాతం ఇచ్చాయి. 2021లో తెలంగాణ సంఘం సూచన 7.5 శాతమే అయినా ప్రభుత్వం 30 శాతం ప్రకటించింది. అయితే 2018 జులై నుండి 2020 మార్చి వరకు 21 నెలలు నోషనల్ అయ్యాయి. తరువాతి పన్నెండు నెలల బకాయిలు పదవీ విరమణ వేళకు వాయిదా పడ్డాయి. విరమణ వయస్సు కూడా 58 నుండి 61కి పెరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి పరిణామం భిన్నమైనది. 2019 జులై నుండి 27 శాతం మధ్యంతర భృతి పొందుతున్నవారికి 23 శాతం ఫిట్‌మెంట్ ఖరారైంది. 10,000 రూపాయల మూలవేతనంపై 2,700 స్థానంలో 2,300 వచ్చింది. ఇంటి అద్దె భత్యం తగ్గింపు కూడా తోడై, ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు దారితీసింది. చెల్లింపు తేదీని ముందుకు జరిపిన మధ్యంతర భృతే తదుపరి శాతానికి గీటురాయి కావడం ఇక్కడ గమనార్హం.

కాబట్టి వేతన సవరణల చరిత్రను శాతాల పట్టికగా మాత్రమే రాయడం అసమగ్రం. శాతం బహిరంగంగా చర్చకు వస్తుంది; తేదీ ఉత్తర్వుల పాఠంలో నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరు ఎంత భరించారన్నది ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే తేలుతుంది.